ఏడో దర్వాజ వెనుక గొంతు

పోయిన వారం ప్రేమలతను మానుకోట స్టేషన్లో దింపి మనం పత్రిక మూసేశాం. ఆమె చేతిలో ఒక ఉత్తరం, భుజాన ఒక సంచి. అక్కడి నుంచే అందుకుందాం.

ప్రేమలత జనగామ అమ్మాయి. హైదరాబాదులో ఒక కంపెనీలో కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తుంది. ఆదివారాలు పెద్దసారు అనుమతితో ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చుని ఆమె తయారు చేసిన ఆట పేరు ‘ఏడు దర్వాజలు’. ఆడేవాళ్లు విలుకాడో, వైద్యురాలో, పడవవాడో ఒక వేషం ఎంచుకోవాలి. ఒక్కో దర్వాజ దగ్గర ఒక్కో గండం దాటి కోట లోపలికి పోవాలి. ఆ ఆట ఫ్లాపీల మీద చేతులు మారి వరంగల్ కాలేజీల దాకా పాకింది. ఒక కంప్యూటరు పత్రిక దాని గురించి రాసి, అందులోని వింత పేర్లు ఏ గ్రంథాల్లోంచి వచ్చాయో చెప్పమని పాఠకులను అడిగింది. సంచీ నిండా ఉత్తరాలు వచ్చాయి. ఒక్కటి మాత్రం నేరుగా ప్రేమలత పేరునే వచ్చింది. ‘అవి మా అవ్వ చెప్పిన పేర్లు. మీరు అడగకుండ తీస్కున్నరు’ అని. కింద సంతకం: గోవర్ధన్, మానుకోట.

ఇల్లు వెతకడం కష్టం కాలేదు. పట్టాలు దాటి, బియ్యం మిల్లు పక్క సందులో మూడో ఇల్లు. తలుపు తీసిన మనిషికి ఇరవై ఐదేళ్లుంటాయి. చొక్కా జేబులో ఎర్ర సిరా పెన్ను. కొత్తగూడలో బడి పంతులు. ఆదివారం కాబట్టి ఇంటి దగ్గరున్నాడు.

“ప్రేమలత మీరేనా?” అన్నాడు. లోపలికి రమ్మనలేదు.

“నేనే.”

“మా అవ్వ ఇరవై ఏండ్లు లైబ్రరీల ఊడ్చింది మేడం. బుక్కుల దుమ్ము దులిపి దులిపి దగ్గు తెచ్చుకున్నది. ఆమె కంటూ మిగిలింది ఒక్క కథ. అది గూడ మీరు పట్నం తీస్కపోయి మీ పేరు రాస్కున్నరు.” జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. “ఇగో, పత్రికకు రాసిన. రేపు పోస్టు డబ్బల వేస్త. దొంగతనం అని రాసిన, చూడుండ్రి.”

ప్రేమలత ఆ కాగితం అందుకోలేదు. రైలులో వస్తూ నాలుగైదు జవాబులు తయారు చేసుకుంది. గుమ్మం ముందు నిలబడ్డాక వాటన్నిటినీ పక్కన పెట్టింది.

“నిజమే రాసిన్రు” అంది.

వాదనకు సిద్ధపడి ఉన్న మనిషి చాచిన కాగితాన్ని కిందికి దించాడు.

“కథ ఆమెదే. పేర్లు ఆమెవే. గవ్వలేసి గండం దాటుడు గూడ ఆమె నేర్పిందే. ఆట మొదట్ల నా పేరొక్కటే పెట్టిన. అప్పుడు తట్టలేదు. తట్టలేదంటె తప్పు ఒప్పయితదా? కాదు. ఆ ఉత్తరం మీరు వేసినా నేను అడ్డం జెప్ప. కని ముందుగాల ఆమె కాళ్లు మొక్కనియ్యుండ్రి. గందుకే వచ్చిన.”

లోపల్నుంచి అతని తల్లి గొంతు దగ్గుతో కలిసి వినిపించింది. “ఎవర్రా గోవర్ధనూ? వచ్చినోళ్లను వాకిట్ల నిలబెట్టి ముచ్చట్లేంది?”

గోవర్ధన్ తలుపుకు అడ్డం తప్పుకున్నాడు.

పంచలో గోనెపట్టా పరుచుకుని సత్తెమ్మ కూర్చుని ఉంది. ముందర చినిగిన బడిపుస్తకాల కుప్ప. చేతిలో దబ్బనం, దారం. వాడకట్టు పిల్లల పుస్తకాలన్నీ ఆమే కుడుతుందని చూడగానే తెలుస్తుంది. జుట్టు పూర్తిగా నెరిసింది. కళ్లజోడు కాడకు దారం చుట్టి ఉంది. ప్రేమలత వంగి పాదాలు ముట్టుకునే లోపే ఆమె గదువ పట్టుకుని ముఖం పైకెత్తింది.

“ఆగు బిడ్డా, చెప్పకు. వైద్యురాలి వేషం నీదేగదా? కమలమ్మ దొరసాని మేనకోడలు! జనగామ పిల్లవు! నాలుగో దర్వాజ కాడ విలుకాడు సచ్చిపోతుంటె, నీ గవ్వలు ఒక్కటే పడితె, మల్ల వేస్త మల్ల వేస్త అని ఏడ్చినవ్!”

ప్రేమలత ఆమె ఎదుట గోనెపట్టా మీదే కూర్చుంది. పంతొమ్మిదేళ్లు! తన పేరు కంటే ముందు వేషం గుర్తొచ్చింది.

అరవై తొమ్మిదిలో ఆమెకు తొమ్మిదేళ్లు. తెలంగాణ ఉద్యమం ముదిరి బడులు మూతపడ్డాయి. జనగామలో రోజూ ఊరేగింపులు, లాఠీచార్జీలు. బాపు సుదర్శన్ ఆమెను మానుకోటలోని మేనత్త కమలాదేవి ఇంటికి పంపేశాడు. అక్కడా బడి లేదు. లైబ్రరీ మాత్రం తెరిచి ఉండేది. లైబ్రేరియన్ సమ్మెలో ఉంటే తాళాలు అటెండరు సత్తెమ్మ దగ్గరుండేవి. వసారాలో పది పన్నెండు మంది పిల్లలను కూర్చోబెట్టి ఆమె కథ మొదలుపెట్టింది. తానొక్కతే చెప్పుకుపోలేదు. ఒక్కొక్కరికి ఒక్కో వేషం ఇచ్చింది. ‘ఇప్పుడు నువ్వేం జేస్తవ్ బిడ్డా?’ అని అడిగేది. ఏం చేస్తారో చెప్పి ఐదు గవ్వలు వేయాలి. వెల్లకిలా పడ్డవి లెక్కపెట్టి కథ ఎటు తిరుగుతుందో చెప్పేది. బడి లేని ఆ నెలల్లోనే తనకు చదువు వచ్చిందని ప్రేమలత నమ్మకం. ‘ఇట్లయితే అటు, అట్లయితే ఇటు’ అని ఆలోచించడం తర్వాత ఏ కాలేజీలో నేర్పినా, ముందు నేర్పింది ఆ వసారానే.

“నువ్వు చెప్పిన కథతోనే నేను బతుకుతున్న అవ్వా” అంది. “నా కొలువు, నా పేరు, అన్ని గందులకెల్లి వచ్చినయే.”

“మంచిగ బతుకుతున్నవా?”

“మంచిగనే.”

“ఇగ చాలు” అని సత్తెమ్మ దబ్బనం పక్కన పెట్టింది. “వీడేమో కోపం జేసిండు. వానికి కోపమొస్తె అన్నం తినడు. నాకు మాత్రం సంబురమే అయింది. నా కథ చచ్చిపోయిందనుకున్న.”

ప్రేమలత సంచీ విప్పి, పత్రికవాళ్లు తనకు పంపిన ఉత్తరాలు తీసింది. అవ్వకు చదివి వినిపించాలనే తెచ్చింది. మొదటిది వరంగల్ నుంచి, రిటైరైన ఒక లెక్చరరు రాసినది, నాలుగు పేజీలు. రెండో దర్వాజను చుట్టుకుని ఉండే ఇనుపశేషుడు అనే పాము ప్రాచీన పురాణాల్లోని ఫలానా నాగరాజుకు మారుపేరని, ‘ఇనుప’ అంటే ఇక్కడ లోహం కాదని, ఇనుడు అంటే సూర్యుడని ఆయన వాదన.

సత్తెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “సూర్యుడా! గూడ్సుబండి బిడ్డా గది. లైబ్రరీ ఎనుక పట్టాలు లేవా? బండొస్తె కిటికీలన్నీ దడదడలాడేటియి, నా మాట మీకు ఇనరాకపోయేది. బండి పోయేదాక ఊకె కూసుండుడెందుకని దాన్నే పామును జేసిన. ‘ఇనుపశేషుడు వస్తుండు, ఊపిరి బిగపట్టుండ్రి’ అంటె మీరందరు కండ్లు మూసుకునేటోళ్లు.”

గోవర్ధన్ గోడకు ఆనుకుని వింటున్నాడు. పెదవి చివర నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నాడు.

“మరి మూడు చెవుల మంత్రసాని? ఒకామె అది కాశీ మజిలీల కాలం నాటి ముచ్చట అంటున్నది.”

“అదొక బుక్కుల ఉండె. ఏ బుక్కో అడగకు, నాకు తెల్వది. లైబ్రరీల చినిగిన బుక్కులన్ని ఒక గోనెసంచిల వేసి బైండింగు కోసమని పక్కన పెట్టేటోళ్లు. అట్టలుండయి, మొదట్ల పేజీలుండయి, ఆఖర్ల పేజీలుండయి. రాసినోని పేరే ఉండది. నేను గవే చదువుకున్న. మంచి బుక్కులు ముట్టుకుంటె సార్ ఏమనుకుంటడో అని భయం. ఒక పేజీల ‘మంత్రసానికి మూడు చె’ అని ఉన్నది, ఆడికి చినిగిపోయింది. మూడు చెట్లున్నయో, మూడు చెరువులున్నయో. నేను మూడు చెవులు పెట్టిన.”

ప్రేమలత పగలబడి నవ్వింది. ఆ మంత్రసాని మూడో చెవిలో మందు పోస్తేనే మూడో దర్వాజ తెరుచుకుంటుంది. దాని కోసం కాలేజీ కుర్రాళ్లు రోజుల తరబడి తలలు పట్టుకున్నారు.

“పడవ నడిపే కట్టమల్లుడు?”

ఈసారి సత్తెమ్మ నవ్వలేదు. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది.

“కట్టయ్య అని ఉండె. బండి తోలేటోడు. సమ్మెల జీతాలు రాకపోతె మా ఇంట్ల పొయ్యి ఎలగలేదు. కట్టయ్య అడగకుంటనే జొన్నలు తెచ్చి గుమ్మంల పోసి పోయిండు. యాకయ్య అని రైలు గేటుకాడ నౌకరి. వీనికి జరమొస్తె భుజం మీదేసుకొని దవాఖానకు ఉరికిండు. గాయన్నే విలుకాడు యాకశూరుణ్ణి జేసిన. నాకు మేలు జేసినోళ్లందరికి కథల ఒక్కో కొలువిచ్చిన బిడ్డా. ఇంకేమున్నది నా దగ్గర ఇయ్యనీకి?”

గోవర్ధన్ గోడ దగ్గర నుంచి కదిలి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. “యాకయ్య పెద్దనాయిన సంగతి నాకెప్పుడు చెప్పలేదేందే?” అన్నాడు మెల్లగా.

“నువ్వెప్పుడడిగినవ్?”

తర్వాత గోవర్ధన్ లేచి పోయి ప్రేమలతకు చాయ పెట్టుకొచ్చాడు. మేడం అనడం మానేసి, “తాగు అక్కా” అన్నాడు.

చాయ సగం తాగాక ప్రేమలత అసలు సంగతి ఎత్తింది.

“అవ్వా, ఉత్తరాలల్ల సగం ఒక్కటే అడుగుతున్నరు. ఏడో దర్వాజ ఎందుకు తెరుసుకోదు అని. నేనెట్ల తెరుస్త? నువ్వు చెప్పలేదుగదా. బాపు వచ్చి నన్ను తీస్కపోయిండు. నాకు గుర్తున్నదల్లా లైబ్రరీల ఆ పచ్చరంగు తలుపు. మేం కొడితె లోపల్నుంచి కావలివాడు పలికేటోడు. అడిగినదానికి జవాబు చెప్పేటోడు. మా ఆటల గూడ గట్లనే పెట్టిన. తలుపు పలుకుతది, తెరుసుకోదు. నువ్వు గొంతు ఎట్ల మార్చేదానివి? ఇప్పటికి అర్థం కాదు నాకు.”

సత్తెమ్మ ఆమె వైపు విచిత్రంగా చూసింది.

“నేను మీ నడుమ కూసుంటె, గొంతు తలుపెనుక నుంచి ఎట్లొస్తది బిడ్డా?”

“మరి?”

“మనిషున్నడు.”

ప్రేమలత చేతిలోని గ్లాసు నేల మీద పెట్టింది.

“చినిగిన బుక్కులు పెట్టే అర్ర అది. పదకొండు దినాలు ఒక మనిషిని దాంట్ల దాచిన. పోలీసులు ఎతుకుతున్నరు ఆయన్ని. పగటిపూట దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా, కుర్చీ జరిగినా బయటికి ఇనబడతది. ఎట్లనా అని పరేషానయి, ఏడో దర్వాజను గా తలుపుకే పెట్టిన. ఇగ సప్పుడయితె ఏంది? కావలివాడు గదా! మీరు కొడితె ఆయనే గొంతు మార్చి పలికేటోడు. మీరే అందరికి చెప్పుకుంట తిరిగిన్రు, లైబ్రరీల తలుపు మాట్లాడుతదని. పిల్లల ముచ్చటని ఎవ్వరు పట్టించుకోలే.”

“నాక్కూడ చెప్పలేదు” అన్నాడు గోవర్ధన్.

“ఒకనాడు పోలీసాయన వచ్చిండు. యాదికున్నదా నీకు?”

ప్రేమలతకు గుర్తొచ్చింది. ఖాకీ నిక్కరు, లాఠీ చంకలో. కథ వినడానికి వచ్చాడనుకుంది అప్పుడు.

“గప్పుడే లోపల తుమ్మిండు ఆయన. నా పానం పోయింది. ‘ఎవరున్నరు లోపల?’ అని పోలీసాయన లేచిండు. నాకు నోరు పెగలలే. నువ్వు లేసి ఆయనకు అడ్డం నిలబడ్డవ్. గింతంత పిల్లవు. ‘ఆయన దర్వాజ కావలి. ఐదు గవ్వలు ఎల్లెలకల పడితెనే బయటికొస్తడు. నువ్వు గూడ వెయ్యాలె’ అని ఆయన చేతుల గవ్వలు పెట్టినవ్. ఆయన నవ్వుకుంట వేసిండు. రెండే పడ్డయి. ‘నా అదృష్టం బాగలేదు’ అనుకుంట పోయిండు.” సత్తెమ్మ రెండు చేతులూ జోడించింది. “నువ్వు నాకు దండం పెట్టనీకి వచ్చినవ్. నేను పంతొమ్మిదేండ్ల సంది నీకు పెట్టుకుంటున్న బిడ్డా. ఒక మనిషి పానం నిలబెట్టినవ్.”

“వద్దవ్వా” అని ప్రేమలత ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. కళ్లలో నీళ్లు ఆగలేదు. తాను తీసుకోవడమే తెలుసనుకుంది ఇన్నాళ్లూ. ఎప్పుడో, తెలియకుండానే, ఏదో ఇచ్చింది కూడా.

“ఎవరాయన?”

సత్తెమ్మ కొడుకు వైపు చూసింది. తర్వాత వీధి తలుపు వైపు చూసింది. ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

“నీ గొంతు ఇన్న దినం ఆయన అన్నం ముట్టలే. ‘మా అన్న బిడ్డ సత్తెమ్మా, మా ప్రేమ’ అని తలుపుకు తలానిచ్చుకొని ఏడ్చిండు. నువ్వు రోజు నాకని తెచ్చిన అన్నం గిన్నె, మీ మేనత్త ఆయనకే పంపేది.”

జగపతి. బాపు తమ్ముడు, చిన్నబాపు.

ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు. సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పిన మనిషి ఒకనాటి నుంచి లేడు. ఉద్యమంలో తిరిగి తిరిగి ఎటో పోయాడన్నారు. కొన్నాళ్లకు, చనిపోయాడన్నారు. తాత ఆయన ఫొటో గోడ మీది నుంచి తీయించేశాడు.

“మీ తాతనే పోలీసులకు మాటిచ్చిండు, కొడుకును అప్పజెప్తనని” అంది సత్తెమ్మ. “తీస్కరమ్మని మీ బాపును పంపిండు. నిన్ను తీస్కపోతందుకు వచ్చిండని నువ్వనుకున్నవ్. ఇద్దరన్నదమ్ములు గా అర్రల గంటసేపున్నరు. తెల్లారి మీ బాపు నిన్ను తీస్కొని జనగామ బండెక్కిండు. తమ్మున్ని కట్టయ్య బండిల, గడ్డి కింద, గోదారొడ్డుకు పంపిండు. మీ తాతతోని దొరకలేదన్నడు.”

“బతికే ఉన్నడా?”

“మహదేవపూర్ల పిల్లలకు సదువు చెప్తుండు. పోయిన పండుగకు కార్డు రాసిండు నాకు.”

ప్రేమలత ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకుంది. పొద్దున బయల్దేరేటప్పుడు, ఆట మొదట్లో సత్తెమ్మ పేరు పెద్దక్షరాల్లో వేస్తానంది. అవ్వ ఒప్పుకోలేదు. “కట్టయ్యది, యాకయ్యది గూడ వేస్తెనే నాది వెయ్యి” అని పట్టుబట్టింది. గోవర్ధన్ స్టేషను దాకా వచ్చి, పత్రికకు రాసిన కాగితం వెనుకే ఆ మూడు పేర్లూ ఎర్ర సిరాతో శుద్ధంగా రాసిచ్చాడు.

మహదేవపూర్ తోవలో వరంగల్ దాకా రైలు. హనుమకొండలో బస్సు. పరకాల దాటాక రోడ్డు పక్క అడవి చిక్కబడింది. ప్రేమలత మనసు మాత్రం తేలిగ్గా ఉంది. కనబడిన ప్రతి మనిషికీ, కిటికీలోంచి నీళ్లందించిన ముసలమ్మకూ, టైరు మార్చిన డ్రైవరుకూ దండం పెట్టాలనిపించింది. ఒక్క బాపు మీదే మనసు ముడిపడి ఉంది. తమ్ముణ్ని కాపాడాడు, సరే. తాత పోయి పదేళ్లయింది. ఇంకా ఎందుకు దాచాడు?

మధ్యాహ్నానికి భూపాలపల్లి చేరింది. కొత్తగా పడుతున్న బొగ్గుగనుల వల్ల ఊరంతా లారీలు, దుమ్ము. మహదేవపూర్ బస్సు బయల్దేరడానికి సిద్ధంగా నిలబడి ఉంది. పరుగున ఎక్కింది. ముందు నుంచి నాలుగో సీటులో, తెల్లటి పంచె, చేతికర్ర, ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు.

“బాపూ!”

సుదర్శన్ తల తిప్పాడు. రెండు నెలలకొకసారి విత్తనాల పని మీద పోతున్నానని ఇంట్లో చెప్పే మనిషి. గుడ్డసంచీలోంచి తొంగి చూస్తున్నది కంప్యూటరు పత్రిక. ప్రేమలత ఫొటో ఉన్న పేజీ దగ్గర మడతపెట్టి ఉంది.

కూతురి ముఖం చూడగానే ఆయనకు అంతా అర్థమైంది. సత్తెమ్మ పేరు కూడా ఎత్తనవసరం లేకపోయింది.

“దిగు బిడ్డా” అన్నాడు. గొంతులో కోపం లేదు. భయం ఉంది.

“చిన్నబాపు దగ్గరికేనా పోతున్నది?”

“ఆయన దగ్గరికే. నువ్వు రావద్దు.”

“ఎందుకు? తాత లేడు. కేసు లేదు. ఇంకెవరికి భయం?”

“నీ గురించి అన్ని చెప్తూనే ఉన్న. నీ ఆట సంగతి ఇని పసిపిల్లగాని లెక్క సంబురపడ్డడు. ఈ పేపరు గూడ ఆయనే తెమ్మన్నడు.” సుదర్శన్ చేతికర్ర మీద రెండు చేతులూ బిగించాడు. “కని నిన్ను తీస్కరావద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. మీ అమ్మ వచ్చినా సరే, ఊరోళ్లు వచ్చినా సరేనన్నడు. నిన్నొక్కదాన్నే వద్దన్నడు.”

“నన్నొక్కదాన్నే? నేనేం జేసిన?”

ఆయన కిటికీ వైపు తిరిగాడు. బస్సు ఇంజను గుర్రుమంది. కండక్టరు టికెట్ల పెట్టె చప్పుడు చేసుకుంటూ వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“ఏడికి?”

“మహదేవపూర్. ఒక్కటే” అన్నాడు సుదర్శన్. “ఈమె దిగుతది.”

ప్రేమలత బాపు పక్కన ఖాళీగా ఉన్న చోట కూర్చుంది. సంచీ ఒళ్లో పెట్టుకుని, పర్సు తెరిచింది.

“రెండియ్యి అన్నా” అంది.

(తరువాయి వచ్చే వారం)